భయస్తుణ్ణి కథానాయకుడిగా నిలబెట్టడం ఎలా? (హుద్‌హుద్ నేపథ్యంలో లైన్‌మన్ నవల)

భీమిలి_కెరటం

అందరికీ నమస్కారం. ఒక నవల రాస్తున్నాను, ఆరు అధ్యాయాలు అయ్యాయి. కథానాయకుడు సింహాచలం, భీమిలి వైపు ఒక సెక్షన్‌లో లైన్‌మన్. కాలం 2014 అక్టోబరు. హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటిన 12వ తేదీ, ఆ తర్వాతి వారం. స్తంభాలు వరసగా పడిపోయి, ఊళ్లకి ఊళ్లు చీకట్లో ఉండిపోయి, మోటార్లు ఆడక జనం బిందెలు పట్టుకుని ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన రోజులు.

సింహాచలంతో పనిచేసే పైడిరాజు అంతకు రెండేళ్ల ముందు స్తంభం మీదే చనిపోయాడు. అప్పట్నించీ సింహాచలానికి స్తంభం ఎక్కాలంటే కాళ్లు వణుకుతాయి. మొదటి రాతలో నాలుగు అధ్యాయాలు ఆ వణుకే నడిచింది. చదివిపెట్టిన స్నేహితులు ఒకే మాట అన్నారు: "ముందు జాలేసింది, తర్వాత విసుగేసింది." సరేనని తిరగరాసి, తుపాను గాలిలోనే స్తంభం ఎక్కించి, ఊరికి కరెంటు ఇప్పించాను. ఇప్పుడు అతను సినిమా పోస్టర్ మీది బొమ్మలా ఉన్నాడు. మొదటి రాతలో విసుగు తెప్పించినా మనిషిలా ఉండేవాడు.

బలహీనత ఎంతవరకు చూపించవచ్చు? ధైర్యం ఎక్కడ మొదలవ్వాలి? మీరంతా మీ కథల్లో దీన్ని ఎలా పట్టుకుంటున్నారో చెప్పండి.

పాతపుస్తకం

కెరటం గారూ, ఇదే ప్రశ్న మనసులో పెట్టుకుని సుందరకాండ మళ్లీ చదవండి. మన ఇళ్లలో పారాయణ చేసే కాండ కాబట్టి భక్తితో చదివేస్తాం, పాత్ర ఎలా కట్టారో చూడం.

నూరు యోజనాల సముద్రం దాటి వచ్చినవాడు హనుమంతుడు. పదమూడో సర్గ వచ్చేసరికి లంకంతా గాలించాడు, సీత జాడ లేదు. అప్పుడు ఆలోచనలో పడతాడు. ఈ కబురు వింటే రాముడు బతకడు, రాముడు పోతే లక్ష్మణుడు ఉండడు, ఆ తర్వాత భరతుడు, శత్రుఘ్నుడు, తల్లులు, సుగ్రీవుడు... ఇలా చావుల వరస పేర్చుకుంటూ పోతాడు. వెనక్కి వెళ్లకుండా ఇక్కడే వానప్రస్థుడిలా ఉండిపోదామా, నిప్పుల్లో పడి చనిపోదామా అన్నంత దూరం వెళ్తాడు. అశోకవనం మీద చూపు పడేది ఆ తర్వాతే.

55వ సర్గ ఇంకా బాగుంటుంది. లంక తగలబెట్టాడు, తోక మంట సముద్రంలో ఆర్పుకున్నాడు. అప్పుడు గుండె జారిపోతుంది: సీత కూడా ఆ మంటల్లో కాలిపోయి ఉంటే? తన కోపాన్ని తిట్టుకుంటాడు, నిలకడలేని కోతిబుద్ధిని తిట్టుకుంటాడు. లంక కాల్చిన ఉత్సాహం ఎక్కడి నుంచి వచ్చిందో ఈ భయమూ అక్కడి నుంచే వచ్చింది. రెండింటికీ వేరు ఒకటే. అందుకే అక్కడ బలహీనత అతికించినట్టు ఉండదు.

మీ సింహాచలం వణుకు ఎక్కడిది? పైడిరాజు పోయాడు కాబట్టి వణుకుతున్నాడంటే అది అతనికి జరిగిన సంగతి అవుతుంది. అతనిలో ముందునుంచీ ఏముందో అది మాకు తెలియాలి. ఆ చావుకి ముందు సింహాచలం ఎలాంటి మనిషి?

ఓరుగల్లు_వనజ

అన్నా, మీరు చెప్పింది నిజమే గానీ హనుమంతుడు కూలబడే టైముకి ఆయన సముద్రం దుంకుడు మనం చూసేసినం. అంతకు ముందే కిష్కింధకాండల ఆ సముద్రం ఎంత పెద్దదో కూడా కొలిచి చూపెడ్తరు. ఎవరెంత దూరం దుంకగలరో వానరులు ఒక్కొక్కరే చెప్తరు. గజుడు పది యోజనాలు అంటడు, జాంబవంతుడు ముసలితనంల తొంభై అంటడు. అంగదుడు నూరు పోత గానీ తిరిగి వస్తనో రానో అంటడు. గప్పుడు వస్తది హనుమంతుడి వంతు. ఆయన ఎంత గట్టోడో తెలిసినంక కూలబడితే మనకు పానం పోయినట్టయితది. మొదటి పేజీలనే కూలబడితే పుస్తకం మూసేస్తం.

నేను వారం వారం సీరియల్ రాస్త. నాకు అర్థమైంది చెప్తున్న: పాఠకులకు పిరికోడంటే కోపం ఉండదు. పని చేతకానోడు అంటేనే ఓపిక ఉండదు. సింహాచలానికి చేతనైంది ఏంది? ఆ సెక్షన్‌ల ఇంకెవరికీ రానిది ఒక్కటి చూపెట్టు అక్కా, మొదటి అధ్యాయంలనే. అటెన్క ఎంత వణికినా చదువుతరు.

సబ్‌స్టేషన్_మామ

అమ్మా కెరటం, నేను లైన్‌మన్‌గా చేరి ఆపరేటర్‌గా రిటైరైనవాణ్ణి. హుద్‌హుద్ పనుల్లో ఉన్నాను. మీ కథ చదివితే ఒక మాట చెప్పాలనిపించింది.

స్తంభం మీద భయపడటాన్ని మా వాళ్లెవరూ బలహీనత అనరు. భయం లేనివాడితో పనికెళ్లాలంటేనే మాకు భయం. పాత లైన్‌మన్ ఎవరైనా సరే, లైన్ ముట్టుకునే ముందు ఎల్సీ అడుగుతాడు. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఫలానా ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైన్) మీద నా పేరున లైన్ క్లియర్ కావాలంటాడు. ఆపరేటర్ బ్రేకర్ ఆపి, లాగ్‌బుక్‌లో పేరూ టైమూ రాసి, అప్పుడు ఎల్సీ ఇస్తాడు. అది వచ్చాక కూడా లైన్ చచ్చిందో లేదో చూసుకుని, పనిచేసే చోటికి రెండు పక్కలా ఎర్త్ కడతాడు, అంటే లైన్‌ని తీగతో నేలకి కలుపుతాడు. పని అయ్యాక మనుషులందరూ దిగారా, ఎర్త్‌లు తీశారా అని చూసుకుని ఎల్సీ రిటర్న్ చేస్తాడు. ఎవడి పేరున తీసుకున్నారో వాడే రిటర్న్ చెయ్యాల. అదే ఫీడర్ మీద నాలుగు ఎల్సీలుంటే నాలుగూ తిరిగొచ్చేదాకా ఛార్జ్ చెయ్యకూడదు, కరెంటు వదలకూడదు.

తుపాను తర్వాత ఇంకో గండం ఉంది. కరెంటు లేక జనం జనరేటర్లు వేస్తారు. ఇంటి మెయిన్ ఆపకుండా జనరేటర్ తగిలించారంటే ఆ కరెంటు సర్వీసు తీగలోంచి వెనక్కి వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్‌లో పెరిగి, మేం చచ్చిందనుకున్న 11 కేవీ లైన్లోకి ఎక్కుతాది. సబ్‌స్టేషన్ ఆపేసి ఉంటాది, లాగ్‌బుక్‌లో అంతా సరిగ్గా ఉంటాది, మనిషి మాత్రం పైన పోతాడు. ఎర్త్ రెండు పక్కలా కట్టమనేది అందుకే.

వనజమ్మ అడిగింది కాబట్టి చెప్తున్నాను, మీ సింహాచలానికి ఒక పనితనం ఇవ్వండి. ఫీడర్ ట్రిప్ అయితే అర్ధరాత్రి టార్చ్‌లైట్ పట్టుకుని లైన్ పొడుగూ తిరక్కుండా, ఏ స్పాన్‌లో (ఏ రెండు స్తంభాల మధ్య) ఏ చెట్టు కొమ్మ తగులుతుందో ముందే తెలిసి నేరుగా అక్కడికి పోయేవాళ్లు మాలో ఉండేవారు. అలాంటివాడు సెక్షన్‌కి ఒక్కడుంటే చాలు, ఏఈలు (అసిస్టెంట్ ఇంజనీర్లు) వదులుకోరు.

ఇంతకీ పైడిరాజు ఎలా పోయాడో మీరు రాయలేదు. అది తెలిస్తేనే గదా మిగతాది.

భీమిలి_కెరటం

మామగారూ, ఆ చావు గురించి నా దగ్గర ఉన్నది ఇంతే: షాక్ కొట్టింది, పడిపోయాడు. పాతపుస్తకం గారు అడిగిన ప్రశ్నకీ, మీరు అడిగినదానికీ జవాబు ఒకటేనేమో అనిపిస్తోంది. సింహాచలం అందరికీ మంచివాడు. ఎవరు ఏ రాత్రి పిలిచినా వెళ్తాడు, పండక్కి కూడా ఇంట్లో ఉండడు. ఊళ్లో అతనికున్న మర్యాదంతా ఆ మంచితనం వల్లే. ఎవరికీ కాదు అని చెప్పలేడు.

ఇలా అయితే కుదురుతుందా? ఊరి పెద్ద ఇంట్లో పెళ్లి. ఎల్సీ తీసుకుంటే ఫీడరంతా పోతుంది, పెళ్లిపందిట్లో చీకటి. "మీ కొమ్మలైను ఒక్కటీ ఆపుకుని కానిచ్చెయ్యండయ్యా" అన్నాడు పెద్దాయన. పైడిరాజు సింహాచలం మొహం చూశాడు. సింహాచలం సరే అన్నాడు.

సబ్‌స్టేషన్_మామ

కుదురుతుంది. చాలా బాగా కుదురుతుంది. ఆ కొమ్మలైనుకి ఏబీ స్విచ్ ఉంటుంది. కింద నుంచి హ్యాండిల్ లాగితే పైన మూడు బ్లేడ్లూ విడిపోవాలి. పాత స్విచ్‌లో ఒక బ్లేడు పట్టేసి ఉండిపోతుంది. కింద నుంచి చూస్తే, అందులోనూ సాయంత్రం పూటైతే, మూడూ విడిపోయినట్టే కనబడతాయి. తల ఎత్తి ఒక్కొక్కటీ చూసుకోవాల, లైన్ టెస్ట్ చేసుకోవాల. తొందరలో చూసుకోలేదు. అంతే, ఇంకేమీ కల్పించక్కర్లేదు.

పాతపుస్తకం

ఇప్పుడు సింహాచలం నాకు కనపడుతున్నాడు. కెరటం గారూ, మీరు చెబుతున్నది ధర్మరాజు కథ. జూదానికి పిలిస్తే వెనక్కి తగ్గనన్నది ఆయన పట్టుకున్న నియమం. పెద్దల మాట తీసెయ్యకపోవడం ఆయన గొప్పతనం. ఆ గొప్పతనంతోనే హస్తినకి వెళ్లాడు. అంతా పోయి, ద్రౌపదికి ఇచ్చిన వరాల వల్ల విడుదలై ఇంటిదారి పట్టాక, మళ్లీ కబురొస్తే మళ్లీ వెనక్కి వెళ్లాడు! రెండోసారి వెళ్లడం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, అయినా ఆయన అలా వెళ్లకపోతే ధర్మరాజు కాడని కూడా తెలుస్తుంది.

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు పతనం కూడా వంశ ప్రతిష్ఠ నిలబెట్టాలన్న తపనలోంచే మొదలవుతుంది. అక్కడ రచయిత అతన్ని ఒడ్డుకి చేర్చాలనుకోలేదు, అది వేరే దారి. మీరు చేర్చాలనుకుంటున్నారు కాబట్టి దారి ఆ వేరులోంచే తియ్యండి.

ఓరుగల్లు_వనజ

ధర్మరాజు పేరు తీసినరు కాబట్టి ఒకటి అడుగుత. ఆయన మంచితనానికి ఖర్చు ఎవరు కట్టిన్రు? ద్రౌపది కట్టింది. నిండుసభల తల పట్టి ఈడ్చింది ఆమెను. "నన్ను ఒడ్డేటందుకు ముందు తనను తాను ఓడిపోయిండా లేదా" అని ఆమె అడిగిన ప్రశ్నకు భీష్ముడంతటోడు జవాబు చెప్పలేకపాయె. బలహీనత గల హీరోను రాసేటోళ్లు చానామంది ఆయన బాధనే రాస్తరు. రాత్రి నిద్ర పట్టదు, తాగుతడు, వానల నిలబడతడు. ఆ తప్పు వల్ల ఆగమైనోళ్లు ఎనకాల ఫొటోలెక్క ఉంటరు.

పైడిరాజు పెండ్లాం ఏమైంది అక్కా? ఆమె ఏడ ఉన్నది ఇప్పుడు? ఆమె సింహాచలాన్ని ఎట్ల చూస్తది? ఆమె ముంగట కూసోవెట్టనిదే సింహాచలానికి ధైర్యం ఇయ్యకు. నాకైతే గది మోసమనిపిస్తది.

సీమకతలు

వనజక్క మాట నాకు బాగా పట్టింది. ఒక కత గుర్తొచ్చె, చెప్తా.

ఉత్తరకుమారుడు తెలుసు గదా. అంతఃపురంలో ఆడోళ్ల ముందర కూర్చొని, సారథి ఒక్కడు లేకపాయె గానీ కౌరవుల్ని చీల్చి చెండాడేవాణ్ణి అంటాడు. బృహన్నల సారథిగా వచ్చినంక, ఎదురుగా సైన్యం కనపడతానే రథం దిగి పరిగెత్తుతాడు. బృహన్నల జడ ఎగరేసుకుంటా ఎంటపడి పట్టుకొస్తాడు. కౌరవులు చూసి నవ్వుతారు. మనోళ్లు ఆ ప్రగల్భాలొకటే గుర్తుపెట్టుకున్నారు, ఇప్పటికీ ఎవడైనా గొప్పలు పోతే ఆ పేరే.

ఆ తర్వాత ఏం జరిగిందో నిదానంగా చూడండబ్బా. అర్జునుడు వాణ్ణి జమ్మిచెట్టు ఎక్కమంటాడు. చెట్టుమీద శవం కట్టినారని అందరూ అనుకుంటాండారు, రాకుమారుణ్ణి శవాన్ని ఎట్ల ముట్టుకునేది అంటాడు. ముట్టుకుంటాడు. ఆయుధాలు దింపుతాడు. పగ్గాలు పట్టుకొని ఆ యుద్ధమంతా రథం తోలుతాడు. వాడు బాణం ఎయ్యలే, పగ్గాలు మాత్రం ఇడ్సలే. కురుక్షేత్రంలో మొదటి రోజు ఏనుగెక్కి శల్యుడి మీదికి పోయినోడు ఈ ఉత్తరుడే. ఆ ఏనుగు శల్యుడి రథం గుర్రాల్ని చంపేసింది. శల్యుడు శక్తి ఇసిరి ఉత్తరుణ్ణి చంపినాడు. ఆ పిరికోడు ఎదురుగా పోయి సచ్చిపాయె.

చెట్టెక్కడం, పగ్గాలు పట్టడం, ఏనుగెక్కడం. మూడు మెట్లు. మధ్యలో ఎక్కడా "వాడు మారిపోయినాడు" అని ఎవరూ చెప్పరు. నాకు కతలు రాసేది నేర్పించింది ఆ ముక్కే. సింహాచలానికి కూడా చిన్నదొకటి, దానికన్నా కొంచెం పెద్దదొకటి ఇయ్యండి. ఒక్కసారిగా తుపాను మీదికి తోలొద్దండి.

న్యూజెర్సీ_శ్రీను

చర్చ బాగా నడుస్తోంది, ఒక చిన్న మనవి. నాకు నత్తి ఉంది. కథల్లో బలహీనత అనగానే చాలామంది నత్తినో కుంటితనాన్నో పెడతారు, క్లైమాక్స్‌లో నత్తి పోయి గడగడా మాట్లాడేస్తాడు. చదువుతుంటే మనసుకి చాలా కష్టంగా ఉంటుంది. నత్తి నా గుణం కాదు, నేనేమీ చేసి తెచ్చుకున్నది కాదు, ధైర్యం వస్తే పోయేదీ కాదు. సింహాచలం కాళ్ల వణుకు కూడా అలాంటిదే అనుకుంటాను. ఒక చావు కళ్లారా చూసిన మనిషి శరీరం వణుకుతుంది. చివరిదాకా వణకనివ్వండి. అది పోయినట్టు రాసి దాన్ని గెలుపు అనకండి.

భీమిలి_కెరటం

శ్రీను గారూ, మీ మాట చదివాక వణుకు ఆపే దృశ్యం తీసేశాను. వనజా, పైడిరాజు భార్యకి ఒక అధ్యాయం రాశాను. పేరు పార్వతి. కారుణ్య నియామకం కింద అదే ఆఫీసులో అటెండరుగా చేస్తోంది, రోజూ సింహాచలానికి రిజిస్టర్ అందిస్తుంది. ఇద్దరూ ఆ పెళ్లి సాయంత్రం గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. సీమకతలు గారు చెప్పిన మెట్లు కూడా వేశాను. అవన్నీ ఇక్కడ పెట్టను, తుపాను తర్వాత నాలుగో రోజు ముక్క మాత్రం పెడుతున్నాను. ఎల్సీ సింహాచలం పేరున ఉంది. వేరే జిల్లాల నుంచి వచ్చిన మూడు గ్యాంగులు అతని కింద పనిచేస్తున్నాయి.

"రిటర్న్ ఇచ్చెయ్ సింహాచలం. అందరూ దిగిపోయారంట గదా."

"రెండు గ్యాంగులు దిగాయండి. మూడోదాంట్లో ఒక కుర్రోడు కనబడలేదు."

"భోజనానికి పోయుంటాడు. నాలుగు రోజులైంది ఊళ్లో నీళ్లు లేక. ఇక్కడ ఆడోళ్లు బిందెలట్టుకుని నిలబడ్డారు, నువ్వే వచ్చి చెప్పు ఆళ్లకి. ఒక్క మోటారు ఆడనీ, పావుగంట చాలు."

సరే అన్న మాట సింహాచలం గొంతులోకి వచ్చేసింది. ఊరి పెద్ద గొంతు అదే, అడిగే తీరు అదే, ఈసారి అడుగుతున్నది న్యాయమే. చెవి దగ్గర ఫోను తడిగా ఉంది. మోకాళ్లు వణుకుతుంటే పక్కనున్న స్టే వైరు పట్టుకున్నాడు.

"ఇవ్వలేనండి."

అవతల వినపడలేదు. రెండోసారి చెప్పాల్సొచ్చింది.

"ఆ కుర్రోణ్ణి నా కళ్లతో చూసేదాకా ఇవ్వనండి."

ఆ క్షణాన సింహాచలం కొత్త మనిషయ్యాడు.

ఓరుగల్లు_వనజ

ఆఖరి వాక్యం తీసెయ్ అక్కా. "రెండోసారి చెప్పాల్సొచ్చింది" అన్న కాడనే నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అటెన్క నువ్వొచ్చి చెప్పుడు ఎందుకు?

అడుగుతున్నది న్యాయమే అన్న ముక్క ఉన్నది చూడు, అది మాత్రం పానం పోయినా తియ్యకు. పెండ్లి లైట్ల కోసం అడిగినోనికి కాదనుడు ఏం పెద్ద పని? దూప మీదున్న ఊరికి కాదనాలె.

సబ్‌స్టేషన్_మామ

వాక్యం తీసేస్తే నిండుగా ఉంటుంది, నిజమే. పనికి సంబంధించి రెండు మాటలు. మూడో గ్యాంగు కట్టిన ఎర్త్ తీశారో లేదో కూడా అతను అడగాలి, అది అడక్కుండా ఏ లైన్‌మనూ ఫోన్ పెట్టడు. రెండోది, ఊరి పెద్ద ఒక్కడే ఫోన్ చేసి ఊరుకోడు. పైనుంచి కూడా ఫోన్ వస్తుంది. ఏఈ గారి గొంతు ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంటుంది. ఆ ఫోన్ కూడా రాయండి.

ఆ కుర్రోడు ఎక్కడున్నాడమ్మా మరి?

భీమిలి_కెరటం

ఆ వాక్యం తీసేశాను. ఏఈ ఫోన్ రాస్తాను.

కుర్రాడి సంగతే తేల్చుకోలేకపోతున్నాను. ఊరి చివర స్తంభం మీదే ఉన్నాడనీ, సింహాచలం ఆపకపోతే పోయేవాడనీ రాస్తే ఊరంతా అతన్ని మెచ్చుకుంటుంది. రెండో దారి, కుర్రాడు గంట క్రితమే దిగిపోయి, జ్వరమొచ్చి ఎవరింటి అరుగు మీదో పడుకుని ఉన్నాడు. ఊరికే ఆపాడని జనం తిడతారు, మెమో కూడా రావచ్చు.

పాతపుస్తకం

మొదటిది రాయండి. పాఠకుడు ఇన్ని అధ్యాయాలు అతనితో నడిచాడు. ఒక ప్రాణం దక్కిందని చూసే హక్కు పాఠకుడికి ఉంది. పైడిరాజు లెక్క అలాగైనా కొంత తీరుతుంది.

ఓరుగల్లు_వనజ

నేను రెండోదే అంటున్న. మొదటిదైతే ఆయన చేసింది కరెక్టని కథ వచ్చి రుజువు చూపెడ్తది. రుజువు లేకున్నా నిలవడ్డడు అంటేనే నా లెక్కల హీరో. పైడిరాజు లెక్క తీరుడు గిట్ల ఏం ఉండదన్నా, పార్వతిని అడిగి చూడు.

సీమకతలు

నాదీ రెండోదే. అయితే ఊరోళ్లు తిట్టేటప్పుడు పార్వతి ఆడ ఉండాల.

సబ్‌స్టేషన్_మామ

మా సర్వీసులో ఎక్కువసార్లు రెండోదే జరిగేది. గంటసేపు వెతికితే మనిషి ఎక్కడో నిద్రపోతూ దొరికేవాడు. తిట్లు తినేవాళ్లం. మర్నాడు మళ్లీ అలాగే వెతికేవాళ్లం.

భీమిలి_కెరటం

రెండోదే రాస్తున్నాను. పాతపుస్తకం గారూ, మీకు నచ్చకపోవచ్చు, అయినా అధ్యాయం పూర్తయ్యాక ముందు మీకే పంపిస్తాను. మామగారూ, ఇలాంటప్పుడు మెమోలో ఏ మాటలు వాడతారో, దానికి లైన్‌మన్ సంజాయిషీ ఎలా రాసుకుంటాడో కొంచెం చెప్పగలరా? పార్వతి ఆఫీసులోనే ఉంటుంది కాబట్టి, ఆ కాగితం సింహాచలానికి ఆమె చేతుల మీదుగానే అందాలి.